సముద్రం ఆవల సిపాయి, ఊరి కోర్టులో దావా

1925వ సంవత్సరపు 4వ చట్టాన్ని ఈనాడు న్యాయవాదులలో కూడా చాలామంది చూసి ఉండరు. భారత సైనికుల వ్యాజ్యాల చట్టం అని దాని పేరును తెలుగు చేసుకోవచ్చు. నాలుగైదు పుటలకు మించని ఆ చట్టంలో నన్ను ఎప్పుడూ ఆకర్షించేది మూడవ సెక్షను. ఒక సిపాయి సముద్రాంతర సేవలో ఉన్నట్లు ఎప్పుడు భావించాలి అన్న ప్రశ్నకు అది సమాధానం చెబుతుంది. సింహళం మినహా, భారతదేశానికి వెలుపల ఉన్న ఏ స్థలానికి చేరాలంటే మామూలుగా పూర్తిగా గాని, కొంత భాగం గాని సముద్రం మీదుగా ప్రయాణం చేయవలసి ఉంటుందో, ఆ స్థలంలో పనిచేస్తున్న సిపాయి సముద్రాంతర సేవలో ఉన్నట్లు లెక్క.

సింహళాన్ని ఎందుకు మినహాయించారో చట్టం చెప్పదు గాని, ఊహించడం కష్టం కాదు. 1914లో పాంబన్ వంతెన పూర్తి అయిన తరువాత మద్రాసులో రైలెక్కిన మనిషి ధనుష్కోటిలో ఓడ మారి, తలైమన్నారులో దిగి, మళ్లీ రైలెక్కి కొలంబో చేరుకొనేవాడు. అంత దగ్గర ప్రదేశం నుండి కోర్టు వాయిదాకు రాలేకపోవడమేమిటని చట్టం రాసినవారు అనుకొని ఉంటారు. ఇదే నిర్వచనాన్ని 1925 నాటి భూపటం మీద పెట్టి చూస్తే మరొక చిత్రం బయటపడుతుంది. బర్మా అప్పుడు భారతదేశంలో ఒక రాష్ట్రం. ఏడెన్ రేవు బొంబాయి ప్రభుత్వపు ఏలుబడిలో ఉండేది. ఈ రెండూ భారతదేశం నుండి పూర్తిగా వేరుపడినది 1937లో. కనుక కాకినాడలోనో, విశాఖపట్నంలోనో ఓడ ఎక్కి, రోజుల తరబడి బంగాళాఖాతం మీద ప్రయాణించి రంగూనులో దిగిన తెలుగు సిపాయి చట్టం దృష్టిలో సముద్రాంతరవాసి కాడు, స్వదేశంలోనే ఉన్నాడు.

ఇంతటి సూక్ష్మమైన లెక్క ఎందుకు వేయవలసి వచ్చింది? సిపాయి ఎక్కడ ఉన్నాడన్న విషయం మీద అతని పొలం ఎవరిదన్న విషయం ఆధారపడి ఉండటమే అందుకు కారణం.

మన సివిలు కోర్టుల విధానం హాజరైన మనిషిని దృష్టిలో పెట్టుకొని ఏర్పడినది. వాది దావా వేస్తాడు. కోర్టు అమీనా సమన్లు తీసుకొని ప్రతివాది ఊరికి వెళతాడు. ప్రతివాది లేడు, తలుపుకు సమన్లు అంటించి వస్తాడు. వాయిదా రోజున పిలుపు అందుకొనేవాడు లేడు కనుక ఎక్స్ పార్టీగా, అంటే ఏకపక్షంగా డిక్రీ వస్తుంది. 1908 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అటువంటి డిక్రీని రద్దు చేయమని కోరడానికి ఉన్న గడువు ముప్ఫయి రోజులు. సమన్లు సక్రమంగా అందని పక్షంలో ఆ గడువు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుండి మొదలవుతుంది గాని, సక్రమంగా అందలేదని రుజువు చేసుకోవలసిన భారం మళ్లీ ఆ లేని మనిషి మీదనే పడుతుంది. డిక్రీ వెనుక జప్తు, జప్తు వెనుక వేలం. ఇక సిపాయే వాది అయితే కష్టం మరొక రకంగా ఉంటుంది. అతనికి రావలసిన చేబదులు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అతని భూమిని మరొకరు ఆక్రమించి పన్నెండేళ్లు అనుభవిస్తే హక్కే పోతుంది. రెండు దండయాత్రలు, నడుమ ఒక చిన్న సెలవు. అన్నీ కలిపితే పన్నెండేళ్లు గడవడం ఎంతసేపు?

కంపెనీ పాలకులకు ఈ సంగతి మొదటినుండీ తెలుసు. దీనికి వారు పద్ధెనిమిది, పందొమ్మిది శతాబ్దాలలో వెదికిన పరిష్కారాలలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది లక్నోలో కనిపిస్తుంది. బెంగాలు సైన్యంలో పెద్ద భాగం అయోధ్య నవాబుల రాజ్యం నుండి వచ్చిన రైతుబిడ్డలు. వారి భూములు నవాబు ఏలుబడిలో, వారి ఉద్యోగం కంపెనీ ఏలుబడిలో. ఊరిలో భూమి తగాదా వస్తే ఆ సిపాయి తన పై అధికారి ద్వారా లక్నోలోని బ్రిటిష్ రెసిడెంటుకు అర్జీ పెట్టుకోవచ్చు. రెసిడెంటు దానిని నవాబు దర్బారుకు పంపి న్యాయం జరిపించాలి. ఊరిలో మరే రైతుకూ లేని అవకాశం ఇది. 1849 నుండి రెసిడెంటుగా ఉన్న స్లీమన్ ఈ సౌకర్యం దుర్వినియోగం అవుతున్నదని తన గ్రంథంలో విసుగుతో రాశాడు. సిపాయి పేరు అడ్డు పెట్టుకొని అతని బంధువులు, ఇరుగుపొరుగులు సైతం తమ తగాదాలను రెసిడెన్సీ వాకిలికి తెస్తున్నారని ఆయన ఫిర్యాదు. స్లీమన్ మాట అబద్ధం కాకపోవచ్చు. అయితే దుర్వినియోగం అయ్యేటంతగా ఆ హక్కుకు విలువ ఉండేదన్న సంగతి కూడా ఆ ఫిర్యాదులోనే ఉన్నది.

1856 ఫిబ్రవరిలో అయోధ్య రాజ్యాన్ని కంపెనీ కలుపుకొన్నది. నవాబు లేడు, దర్బారు లేదు, కనుక రెసిడెంటూ లేడు. సిపాయి కూడా తక్కిన రైతులతో పాటు కొత్త కచేరీల ముందు వరుసలో నిలబడవలసి వచ్చింది. అదే సంవత్సరం కొత్తగా చేరే ప్రతి సిపాయీ అవసరమైతే సముద్రం దాటి వెళ్లడానికి ఒప్పుకోవాలన్న నిబంధన కూడా వచ్చింది. 1857 తిరుగుబాటుకు కారణాలు చెప్పేటప్పుడు మన పాఠ్యపుస్తకాలు తూటాల కొవ్వును గురించి పుటలకు పుటలు రాస్తాయి. లక్నో అర్జీని గురించి ఒక వాక్యంతో సరిపెడతాయి. ఊరిలో తన భూమికి ఉన్న రక్షణ పోవడమూ, ఊరికి మరింత దూరం పోవలసి రావడమూ ఒకే ఏడాదిలో జరిగిన సంగతి చరిత్ర విద్యార్థులు గమనించదగినది.

సముద్రం దాటడం మద్రాసు సైన్యానికి కొత్త కాదు. ఉత్తర హిందూస్థానంలో సిపాయికి తిలంగా అన్న పేరు చాలాకాలం వాడుకలో ఉండేది. కంపెనీ తొలి సిపాయిలలో తెలుగు దేశం వారు ఉండటం వల్ల వచ్చిన పేరు అది. మద్రాసు సిపాయిలు 1762లో మనీలా వెళ్లారు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పాల్గొన్న సేనలో వారిదే పెద్ద పాలు. 1840లో చీనా యుద్ధానికి వెళ్లారు. పెనాంగు, మలక్కా, సింగపూరు రేవులకు పందొమ్మిదవ శతాబ్దంలో దశాబ్దాల పాటు కాపలా కాసినవి మద్రాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీ పటాలాలు. సింగపూరులో సిపాయి లైన్స్ అన్న పేరు ఆ కాలపు జ్ఞాపకమే. ఆ సేనలో కుటుంబాలు సిపాయి వెంట లైన్లలోనే నివసించే ఆచారం ఉండేది. పరదేశ సేవకు వెళ్లినప్పుడు మాత్రం జీతంలో కొంత భాగం ఇంటివారికి ముట్టేటట్లు ఏర్పాటు చేసి వెళ్లేవారు. జీతం పంపే దారి దొరికింది గాని, కోర్టుకు తన బదులు మనిషిని పంపే దారి అంత సులభంగా దొరకలేదు.

ఆ దారి 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 28వ ఆర్డరులో ఉన్నది. సెలవు దొరకని సిపాయి తన తరఫున దావా నడపడానికి ఎవరికైనా అధికారం ఇవ్వవచ్చు. ఆ పత్రంపై కమాండింగు అధికారి ఎదుట సంతకం చేయాలి. ఆ అధికారి కూడా దానిమీద సంతకం చేయాలి. దానిని కోర్టులో దాఖలు చేస్తే, ఆ మనిషికి అందిన నోటీసు సిపాయికి అందినట్లే. సమన్లను నేరుగా కమాండింగు అధికారికి పంపే ఏర్పాటు కూడా అదే కోడులో ఉన్నది. సైన్య చట్టం తన వంతుగా మరికొన్ని రక్షణలు కల్పించింది. సిపాయి ఆయుధాలను, దుస్తులను, జీతాన్ని అప్పు కింద జప్తు చేయరాదు. అప్పు కోసం అతనిని అరెస్టు చేయరాదు. దావా కోసం సెలవు పొందినట్లు ధ్రువపత్రం తెస్తే, ఆ సెలవు ముగిసేలోగా వ్యాజ్యం తేల్చడానికి కోర్టు వీలైనంత వరకు ప్రయత్నించాలి. స్వతంత్ర భారతంలో చేసిన 1950 నాటి సైన్య చట్టంలో ఈ రక్షణలు 28, 29, 32 సెక్షన్లుగా కొనసాగినవి.

ఇవన్నీ మంచి నిబంధనలే. కాని వీటిలో ప్రతి ఒక్కటీ, తన మీద దావా పడినదన్న సంగతి సిపాయికి తెలుసు అన్న నమ్మకం మీద నిలబడినది. అందులోనూ అతడు తన ఊరికి రైలు దూరంలో ఉన్నాడన్న ఊహ అంతర్లీనంగా ఉన్నది. 1914 ఆ ఊహను తారుమారు చేసింది.

ఆ సంవత్సరం సెప్టెంబరు నెలాఖరున భారతీయ దళాలు ఫ్రాన్సు దేశపు మార్సెయి రేవులో దిగినవి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేలోగా పది లక్షలకు పైగా భారతీయులు, సైనికులూ సేవకులూ కలిసి, సముద్రం దాటి వెళ్లారు. అందులో సగానికి పైగా మెసొపొటేమియాకే. ఫ్రాన్సు నుండి సిపాయిలు ఇళ్లకు రాసిన ఉత్తరాలను, ఇళ్ల నుండి వారికి వచ్చినవాటిని సైనిక తనిఖీ కార్యాలయం చదివి, వాటిలో కొన్నిటిని అనువదించి నివేదికలుగా పంపేది. ప్రభుత్వం అనుమానంతో చేసిన ఆ పని ఈనాడు చరిత్రకారులకు పెన్నిధి అయినది. యుద్ధభూమి వర్ణనల కోసం ఆ నివేదికలు తిరగవేసినవారికి పంటలు, పశువులు, అప్పులు, పెండ్లి సంబంధాలు, భూమి తగాదాలు ఎదురవుతాయి. కందకంలో కూర్చున్న మనిషి మనసు ఎక్కువ భాగం ఊరి పొలం గట్టు మీదనే ఉండేదని అర్థమవుతుంది.

ప్రభుత్వానికి కూడా ఇది అర్థమైంది. సిపాయి ఊరిలో దిగులు పడితే పటాలంలో చేరేవారు తగ్గుతారన్న లెక్క అందులో లేకపోలేదు. యుద్ధపు చివరి సంవత్సరమైన 1918లో సైనికుల వ్యాజ్యాలను గురించిన 9వ చట్టం వచ్చింది. యుద్ధానంతరం దానిని సవరించి, క్రోడీకరించి చేసినదే ఈ వ్యాసం మొదట పేర్కొన్న 1925 నాటి చట్టం. 1919లో ఏర్పడిన భారత సైనికుల బోర్డు, జిల్లాలలోని దాని శాఖలు ఈ కుటుంబాల బాగోగులు చూసే పనిని చేపట్టినవి. నేటి సైనిక సంక్షేమ కార్యాలయాలకు మూలం అదే.

1925 చట్టం చేసిన పని ఏమిటో కొంచెం నిదానంగా చూడాలి. దావా వేసే మనిషికి తన ఎదుటి కక్షిదారు అటువంటి ప్రత్యేక సేవలో ఉన్న సిపాయి అని నమ్మడానికి కారణం ఉంటే, ఆ సంగతి అర్జీలోనే చెప్పాలి. చెప్పకపోతే? అందుకు అయిదవ సెక్షను కలెక్టరును రంగంలోకి దించింది. తన జిల్లాలో ఇల్లు గాని, ఆస్తి గాని ఉన్న సిపాయి ఒకరు ఏదో ఒక వ్యాజ్యంలో కక్షిదారు అయి ఉండి, హాజరు కాలేని స్థితిలో ఉన్నాడని కలెక్టరుకు తోచితే ఆయన ఆ సంగతిని ధ్రువీకరించి కోర్టుకు పంపవచ్చు. వకాలతు అవసరం లేదు. సిపాయి అడగవలసిన పని కూడా లేదు. అసలు తన మీద దావా ఉన్నదని సిపాయికి తెలియవలసిన అవసరమే లేదు. ఆ ధ్రువీకరణ అందిన తరువాత కోర్టు విచారణను నిలిపివేసి, నియమిత సైనికాధికారికి నోటీసు పంపుతుంది. ఈ మనిషి ప్రత్యేక పరిస్థితులలో పనిచేస్తున్నాడు, న్యాయం కోసం వాయిదా అవసరం అని ఆ అధికారి ధ్రువీకరిస్తే కోర్టు వాయిదా వేసి తీరాలి. ఈలోగానే డిక్రీ పడిపోయి ఉంటే, దానిని రద్దు చేయమని సిపాయి గాని, అతడు మరణించి ఉంటే వారసులు గాని కోరవచ్చు.

రెవెన్యూ పాలనతో పరిచయం ఉన్నవారికి ఈ ఏర్పాటులోని తెలివి వెంటనే తెలుస్తుంది. కోర్టుకు కళ్లు లేవు. దాని ముందుకు వచ్చిన కాగితమే దానికి లోకం. కలెక్టరుకు మాత్రం ఊరూరా కరణం ఉన్నాడు, మునసబు ఉన్నాడు. ఎవరి కొడుకు ఏ పటాలంలో ఉన్నాడో, ఎవరి పొలం మీద ఎవరి కన్ను ఉన్నదో వారికి తెలియనిది కాదు. ఆ కరణమే ఎదుటి పక్షానికి చుట్టమైనప్పుడు కబురు కలెక్టరు దాకా చేరేదా అన్నది వేరే ప్రశ్న.

ఈ చట్టంలో మానవత్వం మిక్కిలిగా కనిపించే చోటు పదకొండవ సెక్షను. ప్రత్యేక పరిస్థితులలో పనిచేసిన కాలమంతటినీ కాలపరిమితి లెక్కలో నుండి తీసివేయాలని అది చెబుతుంది. అక్కడితో ఆగలేదు. ఆ సేవలో ఉండగానే సిపాయి మరణిస్తే, మరణించిన రోజు మొదలు ఆ వార్తను ప్రభుత్వం దగ్గరి బంధువుకు అధికారికంగా పంపిన రోజు వరకు ఉన్న కాలాన్ని కూడా లెక్కించరాదు. 1916 ఏప్రిల్‌లో కూట్ కోట పతనమై పదమూడు వేలమంది తురుష్కుల చేతికి చిక్కారు. వారిలో అత్యధికులు భారతీయులు. వారిలో ఎందరో ఎడారి నడకలో, నిర్బంధ శిబిరాలలో కన్నుమూశారు. ఎవరు ఏ రోజున పోయారో వారి ఇళ్లకు ఎప్పటికో గాని తెలియలేదు. ఆ యుద్ధం నేర్పిన పాఠం ఈ చిన్న ఉపవాక్యంలోకి ఎక్కినదని నా నమ్మకం. మరణానికీ మరణవార్తకూ నడుమ ఉన్న కాలంలో విధవ అయిన స్త్రీకి తాను విధవనన్న సంగతి తెలియదు. ఆ రోజులను ఆమె మీద లెక్క కట్టరాదని ఒక శాసనం గుర్తించింది. వలస ప్రభుత్వపు శాసనాలలో ఇటువంటి వాక్యాలు తరచుగా కనిపించవు.

చట్టం మీద పంజాబు ముద్ర స్పష్టంగా ఉన్నది. అందులో మాటిమాటికీ వచ్చే ముందస్తు కొనుగోలు హక్కు మన ప్రాంతపు పాఠకులకు అంతగా పరిచయం లేనిది. పంజాబు గ్రామాలలో ఒకడు భూమి అమ్మితే, బయటివాడికన్నా ముందు వాటాదారుకో, బంధువుకో దానిని కొనే హక్కు ఉండేది. ఆ హక్కు కోసం దావా వేయడానికి గడువు ఒక్క సంవత్సరమే. సిపాయి దేశం వెలుపల ఉండగా భాగస్థుడు వాటా అమ్ముకొంటే ఆ హక్కు ఏమవుతుంది? దానికి ఎంత రక్షణ ఇవ్వాలి, కొన్నవాడిని ఎన్నేళ్లు సందిగ్ధంలో ఉంచాలి అన్న తర్జనభర్జన చట్టంలోని మినహాయింపులలో కనిపిస్తుంది. సైన్యంలో అధిక భాగం ఎక్కడి నుండి వస్తున్నదో చట్టం రాసినవారు అక్కడి పొలాలనే తలచుకొన్నారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తప్పు పట్టవలసింది మరొక చోట ఉన్నది. సిపాయి హక్కులు మరొక కక్షిదారు హక్కులతో సమానమై, ఆ మనిషి అతని తరఫున కూడా తగిన విధంగా వాదిస్తున్నాడని తోచితే కోర్టు విచారణ నిలపనవసరం లేదని ఆరవ సెక్షను చెబుతుంది. ఉమ్మడి కుటుంబం ఉన్న దేశంలో ఇది సహజంగానే కనిపిస్తుంది. అన్న కోర్టులో ఉన్నాడు కదా, తమ్ముడు బస్రాలో ఉంటే ఏమి? అయితే ఊళ్ల సంగతి తెలిసినవారికి, పరాయివాడితో నడిచే దావాకన్నా దాయాదుల దావాయే ఎక్కువన్న విషయం చెప్పనవసరం లేదు. పైకి ఇద్దరి హక్కూ ఒకటే. అన్న రాజీపడి సగం వదులుకొంటే తమ్ముడి సగం కూడా అందులో పోయిందా అన్నది తమ్ముడు తిరిగి వచ్చిన నాడు గాని తేలదు. తగిన ప్రాతినిధ్యం అన్న మాటను కోర్టు విచక్షణకు వదిలివేసిన చోటనే చట్టం ఇచ్చిన రక్షణ పలచబడిందని నేను భావిస్తాను.

వీలునామా విషయంలో ఇంతకన్నా విచిత్రమైన స్థితి ఉన్నది. అదే 1925లో భారత వారసత్వ చట్టం వచ్చింది. దాని 65, 66 సెక్షన్లు యుద్ధంలో ఉన్న సైనికుడికి గొప్ప సడలింపు ఇచ్చినవి. కాగితం అవసరం లేదు; ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదురుగా ఉండగా నోటితో చెప్పినా అది వీలునామాయే. కాని ఈ సెక్షన్లు హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు, జైనులకు వర్తించవు. ముసల్మానులకు కూడా వర్తించవు. వారికి వారి ధర్మశాస్త్రమే నోటిమాట వీలునామాను అంగీకరిస్తుంది. అంతకు ముందు మన మొఫసిలు ప్రాంతాల హిందువులు కూడా నోటితో వీలునామా చెప్పవచ్చు. 1927 జనవరి 1 నుండి హిందువుల వీలునామాలన్నీ రాతపూర్వకంగా, సాక్షి సంతకాలతో ఉండాలన్న నియమం వచ్చింది. అంటే భారత సైన్యంలో ఏ సంఖ్యాధిక వర్గాలు ఉన్నాయో, వాటిలో హిందూ, సిక్కు సిపాయిలకు యుద్ధభూమిలోని ఆ సడలింపు దక్కలేదు. గాయపడి పడి ఉన్న సిపాయి పక్కవాడితో చెప్పిన చివరిమాటకు ఆ సిపాయి మతాన్ని బట్టి విలువ ఉండటమో, లేకపోవడమో జరిగేది.

రెండవ ప్రపంచ యుద్ధం నాటికి సైన్యం స్వరూపం మారింది. ఇరవై అయిదు లక్షలకు పెరిగిన ఆ సేనలో మద్రాసు రాజధాని వారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని మాధవరం రెండు యుద్ధాలకూ బిడ్డలను పంపి మిలిటరీ మాధవరం అన్న పేరు తెచ్చుకొన్నది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పతనమైనప్పుడు దాదాపు నలభై వేలమంది భారతీయ సైనికులు జపానువారికి బందీలయ్యారు. కూట్ నాటి కథ మరింత విస్తృతంగా పునరావృతమైనది. మూడేళ్లకు పైగా, ఎవరు బతికి ఉన్నారో, ఎవరు లేరో ఎన్నో ఊళ్లలో తెలియదు. ఏడేళ్లు కబురు లేని మనిషిని మరణించినట్లు భావించవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పేది. ఆ ఏడేళ్ల లోపల భూమి ఎవరు దున్నాలి, శిస్తు ఎవరు కట్టాలి, భార్య పేరు పట్టాలో ఎక్కుతుందా అన్న ప్రశ్నలకు ఏ చట్టమూ పూర్తి సమాధానం ఇవ్వలేదు.

ఆ బందీలలో ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారికి కావలసి వచ్చిన న్యాయ సహాయం వేరు. 1945 నవంబరు 5న ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ల మీద సైనిక న్యాయస్థానం విచారణ ప్రారంభించినప్పుడు వారి తరఫున వాదించడానికి కాంగ్రెసు ఒక రక్షణ సంఘాన్ని ఏర్పాటు చేసింది. వాదనకు భూలాభాయ్ దేశాయ్ నాయకత్వం వహించారు. తేజ్ బహదూర్ సప్రూ, అసఫ్ అలీ, కైలాస్‌నాథ్ కట్జూ వంటివారు పాల్గొన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ ఎన్నో ఏళ్ల తరువాత న్యాయవాది గౌను ధరించారు. ద్వీపాంతరవాస శిక్ష పడినా, 1946 జనవరిలో దానిని రద్దు చేయవలసి వచ్చింది. ఈ విచారణ గురించి రాసినవారు ఎందరో ఉన్నారు కనుక నేను విస్తరించను. సముద్రం ఆవలి సిపాయి గురించి సర్కారు చేయవలసిన పనిని ఒక జాతి తన మీద వేసుకొన్న సందర్భంగా మాత్రమే ఇక్కడ స్మరిస్తున్నాను.

స్వాతంత్ర్యం తరువాత కూడా మన సైనికులు సముద్రాలు దాటుతూనే ఉన్నారు. 1953లో కొరియాకు, 1956 నుండి 1967 వరకు గాజాకు, 1960లలో కాంగోకు వెళ్లారు. 1925 చట్టం కూడా కొనసాగింది. దాని కంఠంలోని పాత ముల్లు మాత్రం అట్లాగే ఉండిపోయింది. 1987 జూలై నుండి 1990 మార్చి వరకు భారత శాంతి పరిరక్షక దళం శ్రీలంకలో ఉన్నది. వెయ్యిమందికి పైగా మనవారు అక్కడ ప్రాణాలు కోల్పోయారు. చట్టంలోని మాటలను యథాతథంగా చదివితే, జాఫ్నాలో ఉన్న ఆ సిపాయి సముద్రాంతర సేవలో లేడు, సింహళం మినహాయింపు కనుక! ఆ చట్టంలోని ఇతర అవకాశాలు వర్తిస్తే వర్తించవచ్చు గాని, ఈ ఒక్క నిర్వచనం కిందికి మాత్రం రాడు. ధనుష్కోటి రైలును 1964 డిసెంబరు తుపాను మింగివేసి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది. ఆ రైలు మీద ఆధారపడినట్లు తోచే మినహాయింపు మాత్రం చెక్కు చెదరలేదు.

ఈ ముల్లు నా చేతికి కూడా ఒకసారి గుచ్చుకొన్నది. పదిహేనేళ్ల కిందట కోస్తాలోని ఒక జిల్లా కలెక్టరు కార్యాలయంలో పనిచేస్తున్న రోజులలో ఒక వృద్ధురాలు సమన్ల కాగితం పట్టుకొని వచ్చింది. మూడెకరాల మెట్ట మీద ఆమె బావగారి కొడుకులు వేసిన పంపకాల దావా. ప్రతివాది ఆమె కొడుకు. కాంగోలో ఐక్యరాజ్య సమితి దళంలో ఉన్నాడు.

“వాడు వచ్చేదాకా ఆగమని కోర్టు వారికి ఒక ముక్క చెప్పలేరా బాబూ?” అన్నది ఆమె.

ఆ మాట చెప్పడానికే ఒక చట్టం ఉన్నదని చరిత్ర విద్యార్థిగా నాకు తెలుసు. చదువుకొన్న నాటి నోటు పుస్తకంలో దాని పేరు ఉన్నది. అటువంటిది ఎప్పుడో రద్దయి ఉంటుందని కార్యాలయంలో అన్నారు. రద్దు కాలేదని తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ తరువాత అసలు చిక్కు వచ్చింది. అతడు యుద్ధంలో ఉన్నాడా? లేడు. ఆమె మాటలలోనే, శాంతి కోసం పంపారట. పోనీ, సముద్రాంతర సేవలో ఉన్నాడా? మామూలుగా సముద్రం మీదుగా ప్రయాణించే స్థలమై ఉండాలి. అతడు ఢిల్లీలో విమానం ఎక్కి ఆఫ్రికాలో దిగాడు.

“సముద్రం సంగతి ఏమని రాయమంటారు సార్?” అని సూపరింటెండెంటు గారు కలం పట్టుకొని అడిగారు. ఆయన ముప్ఫయి ఏళ్ల సర్వీసులో అటువంటి ధ్రువీకరణ రాయడం అదే మొదటిసారి.

అయిదవ సెక్షనును మళ్లీ చదివాము. కలెక్టరు ధ్రువీకరించవలసింది సిపాయి హాజరు కాలేడన్న సంగతిని మాత్రమే. అతడు ఏ పరిస్థితులలో పనిచేస్తున్నాడో చెప్పవలసిన బాధ్యత సైనికాధికారిది. కనుక సముద్రాన్ని వారికి వదిలిపెట్టి, పటాలం పేరు, దళం పేరు రాసి, ఈ మనిషి హాజరు కాలేని స్థితిలో ఉన్నాడని మాత్రం రాశాము. కలెక్టరు గారు సంతకం చేశారు. న్యాయమూర్తి విచారణ నిలిపి, నోటీసు పంపించారు.

సైనికాధికారి జవాబు వచ్చేలోగానే ఆ కుర్రవాడి విదేశ సేవ ముగిసింది. సెలవు ధ్రువపత్రం పట్టుకొని స్వయంగా కోర్టుకు వచ్చి, ఆ తరువాత తల్లిని వెంటబెట్టుకొని మా కార్యాలయానికి కూడా వచ్చాడు. ఈ మధ్య, 2025లో, జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన పేరుతో సైనిక సంక్షేమ కార్యాలయాలలో న్యాయ సహాయ కేంద్రాలను ప్రారంభించినదని చదివినప్పుడు నాకు అతడే గుర్తుకు వచ్చాడు. ఆ రోజు నా బల్ల ముందు కూర్చోకుండా నిలబడే, ఆ చట్టం తెలుగులో దొరుకుతుందా అని అడిగాడు. మా కార్యాలయంలో లేదన్నాను. అయితే ఇంగ్లీషుదే ఇవ్వండి సార్ అన్నాడు. తన కంపెనీలో మరి ఇద్దరు తెలుగువాళ్లు ఉన్నారని, వారికి కూడా ఇళ్ల దగ్గర దావాలు నడుస్తున్నవని చెప్పి మూడు ప్రతులు తీయించుకొని వెళ్లాడు.